క్యాబిన్‌కు, కాక్‌పిట్‌కు వేర్వేరు వాల్యూమ్ నాబ్‌లు: వైరింగ్ ఎలా చేయాలి?

తెరచాప31
మా పడవలో ఉన్నది ఒక్కటే స్టీరియో. క్యాబిన్‌లో చార్టుల బల్ల పక్కన బిగించి ఉంది. దానికి నాలుగు స్పీకర్లు: లోపల రెండు, బయట కాక్‌పిట్‌లో (స్టీరింగ్ చక్రం ఉండే చోట) రెండు. అన్నీ 4 ఓమ్‌లవే. ఇంజను నడుస్తుండగా బయటివాళ్లకు వినబడేటంత పెంచితే లోపల పడుకున్నవాళ్లు లేచి కూర్చుంటున్నారు. లోపలివాళ్లకు సరిపడేలా తగ్గిస్తే బయట ఇంజను మోత తప్ప ఇంకేమీ వినబడదు. పెంచాలన్నా తగ్గించాలన్నా స్టీరింగ్ చక్రం వదిలి మెట్లు దిగాలి. ఒంటరిగా నడిపేటప్పుడు అది కుదరని పని.

బయటి స్పీకర్ల తీగల మధ్యలో నాబ్‌లు పెట్టి, వాటిని చక్రం పక్కన బిగిద్దామని ఉంది. నా విడిభాగాల డబ్బాలో 10 కిలో ఓమ్‌ల పొటెన్షియోమీటర్లు (తిప్పితే నిరోధం మారే నాబ్‌లు) రెండు ఉన్నాయి. అవి పనికొస్తాయా? కొత్త స్టీరియో కొనే ఉద్దేశం మాత్రం లేదు.

టంకం
వాటిని డబ్బాలోనే ఉంచండి. 10 కిలో ఓమ్‌లంటే పదివేల ఓమ్‌లు. మీ స్పీకర్ నాలుగు ఓమ్‌లది. నాబ్‌ను చివరి నుంచి నూరో వంతు వెనక్కి తిప్పితే చాలు, 100 ఓమ్‌లు దారికి అడ్డం వస్తాయి. స్పీకర్‌కు చేరే వోల్టేజి అక్కడికక్కడే 26వ వంతుకు పడిపోతుంది. అంటే పూర్తి మోత, లేదా నిశ్శబ్దం. మధ్యలో ఏమీ ఉండదు. పైగా ఆ చిన్న పొటెన్షియోమీటర్ల లోపలి కార్బన్ పూత అర వాట్ కూడా తట్టుకోలేదు. స్టీరియో పంపే కరెంటుకు ఆ పూత ఆ కొసనే మాడిపోతుంది.

రాగితీగ
ఇంతకీ మీ స్టీరియోలో ఫేడర్, అంటే ముందు-వెనక స్పీకర్ల మధ్య శబ్దాన్ని పంచే అమరిక, లేదా? లోపలి స్పీకర్లను ముందు చానళ్లకు, బయటివాటిని వెనక చానళ్లకు కలపండి. ముందు-వెనక ఫేడర్ తిప్పితే పని అయిపోతుంది. పైసా ఖర్చు లేదు, కొత్త తీగ అక్కరలేదు.

తెరచాప31
ఇప్పుడు ఉన్నది అలాగే రాగితీగ గారూ. కానీ ఫేడర్ ఉన్నది స్టీరియోలో, స్టీరియో ఉన్నది లోపల. అదీ మెనూలో నాలుగు మెట్లు దిగితే గాని కనబడదు. నాకు కావలసింది చేతికి అందే నాబ్.

లంగరు
ఎల్-ప్యాడ్ అని అడగండి. స్పీకర్ తీగల మధ్యలో పెట్టడానికే తయారైన నాబ్ అది. నా పడవలో చాలా సీజన్లుగా పని చేస్తోంది. స్టీరియోకి ఒక చివర, స్పీకర్‌కి ఇంకో చివర, అంతే. మామూలు మనిషి ఒక మధ్యాహ్నంలో పూర్తి చేయగలిగిన పని.

కొత్తపడవ
ఎల్-ప్యాడ్‌కూ మామూలు నాబ్‌కూ తేడా ఏమిటి? రెండూ నిరోధాలే కదా?

టంకం
మామూలు నాబ్‌లో ఒకటే నిరోధం, స్పీకర్‌కు వరుసలో వస్తుంది. ఎల్-ప్యాడ్‌లో రెండు. ఒకటి వరుసలో, రెండోది స్పీకర్‌కు అడ్డంగా, అంటే రెండు తీగల మధ్య. నాబ్ తిప్పితే రెండూ కలిసి కదులుతాయి. మొదటిది పెరిగే కొద్దీ రెండోది తగ్గుతుంది. అందువల్ల ఏ స్థానంలో ఉన్నా యాంప్లిఫయర్‌కు (సంకేతాన్ని పెంచి స్పీకర్‌ను నడిపే భాగం, స్టీరియో లోపలే ఉంటుంది) మాత్రం అదే 4 ఓమ్‌ల భారం కనబడుతుంది.

ఉదాహరణకు 6 డెసిబెల్స్ తగ్గించాలంటే, అంటే స్పీకర్ వోల్టేజిని సగం చేయాలంటే, వరుసలో 2 ఓమ్‌లు, అడ్డంగా 4 ఓమ్‌లు. అడ్డంగా ఉన్న 4, స్పీకర్ 4 కలిసి 2 అవుతాయి. దానికి వరుసలోని 2 కలిపితే 4. లెక్క సరిపోయింది.

వరుసలో ఒక్క నిరోధమే పెడితే ఇంకో నష్టం కూడా ఉంది. స్పీకర్ ఓమ్‌లు అన్ని స్వరాలకూ ఒకేలా ఉండవు. కోన్ సహజంగా ఊగే పౌనఃపున్యం దగ్గర, పై స్వరాల దగ్గర అవి బాగా పెరుగుతాయి. నిరోధం అడ్డం ఉంటే ఆ స్వరాలు తక్కువగా తగ్గి, మిగతావి ఎక్కువగా తగ్గుతాయి. పాట రంగే మారిపోతుంది.

డెసిబెల్
టంకం గారి లెక్క సరైనదే. కానీ ఆ లెక్కను ఇంకో అడుగు ముందుకు తీసుకెళ్లండి. స్టీరియో 20 వాట్లు పంపుతోందనుకుందాం. అదే 6 డెసిబెల్స్ స్థానంలో వరుస నిరోధంలో 10 వాట్లు, అడ్డ నిరోధంలో 5 వాట్లు వేడిగా పోతాయి. స్పీకర్‌కు చేరేది 5 వాట్లు. ఇంకా తగ్గిస్తే దాదాపు 20 వాట్లూ నాబ్‌లోనే కాలతాయి. గాలి ఆడని స్టీరింగ్ పెట్టెలో, ప్లాస్టిక్ పలక వెనక ఆ వేడి ఎక్కడికి పోతుంది? బ్యాటరీ నుంచి లాగే కరెంటు కూడా తగ్గదు. శబ్దాన్ని తగ్గించాల్సింది యాంప్లిఫయర్‌కు ముందే. పెంచిన తర్వాత తగ్గించడం అంటే ట్యాంకు నిండా నీళ్లు తోడి, సగం కాలువలో పారబోయడమే.

లంగరు
డెసిబెల్ గారూ, సంగీతం ఎప్పుడూ ఒకే స్థాయిలో మోగే సైరన్ కాదు. పాట శిఖరాలు 20 వాట్లు తాకుతున్నప్పుడు సగటు అందులో ఎనిమిదో వంతు, అంటే రెండున్నర వాట్లు ఉంటుంది. నా నాబ్ వెనక చెయ్యి పెట్టి చూశాను, గోరువెచ్చగా కూడా లేదు. 50 వాట్ల రకం ఎల్-ప్యాడ్ తీసుకుంటే భయమే లేదు. యాంప్లిఫయర్ వద్దనే మనిషికి యాంప్లిఫయర్ అంటగట్టడం ఎందుకు?

డెసిబెల్
ఆయన వద్దన్నది కొత్త స్టీరియో, యాంప్లిఫయర్ కాదు :)

కొత్తపడవ
స్టీరియో డబ్బా మీద 50 వాట్లు చొప్పున నాలుగు అని ఉంటుంది కదా, 20 ఎక్కడి నుంచి వచ్చింది?

టంకం
ఆ 50 ఒక్క క్షణపు శిఖరం. ఇంజను నడుస్తున్నప్పుడు బ్యాటరీ వోల్టేజి 14 చిల్లర. స్టీరియో లోపల వోల్టేజిని పెంచే విభాగం లేకపోతే స్పీకర్‌కు ఇవ్వగలిగిన శిఖరం కూడా ఆ 14 వోల్టులే. సగటు లెక్కలో అది 10 వోల్టులు. పదిని పదితో గుణించి నాలుగుతో భాగిస్తే 25 వాట్లు. లోపలి నష్టాలు తీసేస్తే ఇరవైకి అటూ ఇటూ. డబ్బా మీద ఎంత రాసినా ఓమ్ సూత్రాన్ని దాటలేరు.

చుక్కాని
ఎల్-ప్యాడ్ పెట్టినా, ఇంకేది పెట్టినా, ముందు ఒక పని చేయండి. దీన్ని ఎవరూ చెప్పలేదు. స్టీరియో వేసి, వాల్యూమ్ పూర్తిగా తగ్గించి, మల్టీమీటర్ నల్ల కొసను బ్యాటరీ నెగెటివ్‌కు, ఎర్ర కొసను స్పీకర్ తీగల్లో ఒక్కొక్కదానికీ తాకించండి. డీసీ వోల్టులు చూడండి. రెండు తీగలమీదా 6 వోల్టుల చుట్టుపక్కల కనబడితే మీ స్టీరియోది బ్రిడ్జి రకం. అంటే స్పీకర్ మైనస్ తీగ నేల తీగ కాదు. దాన్ని బ్యాటరీ నెగెటివ్‌కు గాని, ఎడమ-కుడి మైనస్‌లను ఒకదానితో ఒకటి గాని కలపకూడదు.

ఇళ్ల గోడలకు బిగించే కొన్ని స్టీరియో వాల్యూమ్ పెట్టెల్లో రెండు చానళ్ల మైనస్ లోపలే కలిసి ఉంటుంది. అలాంటిది తెచ్చి పెడితే స్టీరియో వెంటనే ఆగిపోతుంది, లేదా దాని అవుట్‌పుట్ చిప్ పోతుంది. కొనేముందు మల్టీమీటర్‌తో రెండు మైనస్‌ల మధ్య కలయిక ఉందేమో చూసుకోవాలి.

తెరచాప31
ఇప్పుడే చూశాను. నాలుగు స్పీకర్ల ఎనిమిది తీగల మీదా 6.2, 6.3 వోల్టులు. బ్యాటరీ 12.6 దగ్గర ఉంది. చుక్కాని గారికి ధన్యవాదాలు, నేను నెగెటివ్‌లన్నీ కలిపి ఒక్క తీగతో బయటికి లాగాలని అనుకుంటున్నాను.

ఉప్పుగాలి
ఆ 6 వోల్టుల సంగతి పడవల్లో ఇంకో విధంగానూ ముఖ్యం. స్టీరియో వేసి ఉన్నంతసేపూ, పాట ఆగినా సరే, స్పీకర్ తీగల మీద ఆ డీసీ ఉంటుంది. పై పూత చిరిగిన స్పీకర్ తీగ ఒకటి పడవ అడుగున నిలిచిన నీళ్లలో పడిందనుకోండి, కరెంటు ఆ నీటి గుండా దగ్గరలో ఉన్న లోహపు భాగానికి దారి చూసుకుంటుంది. ముందు రాగిని తినేస్తుంది. ఒక పాత పడవలో అలాంటి తీగ చూశాను. పైన ప్లాస్టిక్ బాగానే ఉంది, వేలితో నొక్కితే లోపల ఏమీ లేదు. కోసి చూస్తే ఆకుపచ్చటి చిలుము పొడి రాలింది. స్పీకర్ తీగే కదా అని పడవ అడుగునుంచి లాగకండి. పక్కల మీదుగా, ఎత్తున, బిగింపులతో తీసుకెళ్లండి.

రాగితీగ
తీగ మాట వచ్చింది కాబట్టి: తగరం పూత ఉన్న సన్నని పోగుల రాగి తీగే వాడండి. ఉత్త రాగి తీగ ఉప్పుగాలిలో పై పొర కింద చాలా దూరం వరకు నల్లబడుతుంది, కొత్తగా కోసిన చోట కూడా టంకం అంటదు. ఒకే పోగు మందపు తీగ అసలు వద్దు, పడవ అదురుకు విరుగుతుంది. అతుకుల దగ్గర లోపల జిగురు ఉన్న వేడికి ముడుచుకునే గొట్టం వేయండి.

కొత్తపడవ
నాకు దొరికే ఎల్-ప్యాడ్‌లన్నీ 8 ఓమ్‌లవి. 4 ఓమ్‌ల స్పీకర్‌కు వేస్తే స్టీరియో కాలిపోతుందా?

టంకం
కాలిపోదు. లెక్క వేసి చూపిస్తాను. పూర్తి శబ్దం స్థానంలో వరుస నిరోధం సున్నా, అడ్డం నిరోధం తెరుచుకుని ఉంటుంది, భారం స్పీకర్‌ది మాత్రమే, 4 ఓమ్‌లు. 6 డెసిబెల్స్ గుర్తు దగ్గర వరుసలో 4, అడ్డంగా 8. ఎనిమిది, నాలుగు సమాంతరంగా కలిస్తే 2.67. వరుసలోని 4 కలిపితే 6.67. పూర్తిగా తగ్గించినప్పుడు 8. ఎక్కడా 4 కన్నా కిందికి దిగదు, కాబట్టి స్టీరియోకు ముప్పు లేదు. కాకపోతే గుర్తుకు మించి తగ్గుతుంది. 6 అని ఉన్న చోట 8 డెసిబెల్స్ తగ్గుతుంది. నాబ్ కొంచెం తొందరగా పని చేస్తున్నట్టు అనిపిస్తుంది, అంతే.

రెండు 4 ఓమ్‌ల స్పీకర్లను ఒకే చానల్‌కు సమాంతరంగా కలిపి మధ్యలో ఎల్-ప్యాడ్ పెట్టడం మాత్రం వేరే సంగతి. అక్కడ భారం 2 ఓమ్‌లు అవుతుంది. ఎక్కువ స్టీరియోలు దానికి తట్టుకోవు.

పొగమంచు
ఇంత లెక్కల మధ్య ఒక మాట. బయటి నాబ్ ఎందుకు కావాలో ఆలోచించండి. పాట పెంచడానికి కాదు, తగ్గించడానికి. 1972 నాటి అంతర్జాతీయ సముద్ర మార్గ నిబంధనల్లో 5వ నిబంధన ప్రతి పడవా ఎల్లవేళలా చూపుతోనూ, వినికిడితోనూ కాపలా కాయాలని చెబుతుంది. వినికిడి అని విడిగా రాశారు. పొగమంచులో ఇంజనుతో కదులుతున్న పడవ రెండు నిమిషాలకు మించని వ్యవధిలో ఒక దీర్ఘ కూత వేయాలి. ఆ కూత నాలుగు నుంచి ఆరు సెకన్లే. మీ కాక్‌పిట్ స్పీకర్ మోగుతుండగా ఆ నాలుగు సెకన్లు జారిపోతే తర్వాతి కూత వచ్చే లోపు ఎదుటి పడవ ఎంత దగ్గరికి వస్తుందో ఊహించండి. పడవల మధ్య మాట్లాడుకునే వీహెచ్‌ఎఫ్ రేడియోలో 16వ చానల్, అంటే ఆపద పిలుపులు వచ్చే చానల్, సంగతీ అంతే. నాబ్‌తో పాటు ఒక్క దెబ్బకు బయటి శబ్దం ఆపేసే మీట కూడా చక్రం పక్కన ఉండాలి. నాబ్ తిప్పుతూ వెతుక్కునే సమయం ఉండదు.

లంగరు
దీనితో నూటికి నూరుపాళ్లూ ఏకీభవిస్తాను. నా దగ్గర మీట లేదు, పెడతాను.

అలలమీద
ఇంకోటి. స్పీకర్లను దిక్సూచి పక్కన బిగించకండి. మా స్నేహితుడి పడవలో కొత్త స్పీకర్లు వచ్చాక దిక్సూచి ఒక పక్కకు లాగడం మొదలుపెట్టింది. స్పీకర్ వెనక అయస్కాంతం ఉంటుందని అందరికీ తెలుసు, కానీ బిగించేటప్పుడు గోడకు అవతల ఏముందో చూడరు. ఆటోపైలట్‌కు సంబంధించిన దిక్సూచి గ్రాహకం క్యాబిన్‌లో ఏదో అల్మరాలో కంటికి కనబడకుండా ఉంటుంది, దాన్ని అసలు మర్చిపోతారు. నాబ్‌కు వెళ్లే తీగలు కూడా దిక్సూచి దగ్గరగా పోతుంటే జంటగా మెలివేయండి.

తెరచాప31
దిక్సూచి చక్రం ముందున్న స్తంభం మీద ఉంది, స్పీకర్లు కూర్చునే బల్లల కింద. దూరం ఒకటిన్నర మీటర్ పైనే. ఆటోపైలట్ గ్రాహకం ఎక్కడుందో వెతకాలి.

పొగమంచు గారి మాట చదివాక ఆలోచన మారింది. మీట తప్పకుండా కావాలి. డెసిబెల్ గారూ, యాంప్లిఫయర్‌కు ముందే తగ్గించడం అన్నారు కదా, అది నా స్టీరియోతో కుదురుతుందా? వెనక ఒక జత ఆర్‌సీఏ సాకెట్లు (ఇంకా పెంచని సంకేతాన్ని బయటికి ఇచ్చేవి) ఉన్నాయి, వెనక చానళ్లవి అని రాసి ఉంది.

డెసిబెల్
కుదురుతుంది, చక్కగా. పద్ధతి చెబుతాను.

లోపలి స్పీకర్లు స్టీరియో ముందు చానళ్ల మీదే ఉండనివ్వండి. బయటి రెండింటినీ స్టీరియో నుంచి పూర్తిగా విప్పేయండి, వాటి పాత తీగల కొసలు విడివిడిగా మూసేయండి. ఆర్‌సీఏ జత నుంచి రెండు చానళ్ల చిన్న యాంప్లిఫయర్‌కు తీగ లాగండి. ఆ దారిలో, యాంప్లిఫయర్‌కు ముందు, 10 కిలో ఓమ్‌ల జంట పొటెన్షియోమీటర్ ఒకటి. ఒకే ఇరుసు మీద రెండు విభాగాలు ఉండేది, ఎడమకు ఒకటి, కుడికి ఒకటి. మీ డబ్బాలో ఉన్నవి విడివిడివి కాబట్టి అవి వద్దు. లాగరిథమ్ రకం అడగండి, చాలా వాటి మీద ఏ10కె అని ఉంటుంది. బీ10కె అంటే సరళ రకం. దానితో శబ్దమంతా నాబ్ మొదటి పావులోనే పెరిగిపోయి మిగతా ముప్పావు తిరిగినా తేడా తెలియదు.

ఒక్కో విభాగానికి మూడు కాళ్లు. ఒక చివర కాలికి స్టీరియో నుంచి వచ్చే సంకేతం, రెండో చివర కాలికి కేబుల్ పై అల్లిక, మధ్య కాలు నుంచి యాంప్లిఫయర్‌కు. తిప్పితే తిరగబడి పని చేస్తుంటే చివరి కాళ్లు రెండూ తారుమారు చేయండి. ఇక్కడ ప్రవహించేది మిల్లీ ఆంపియర్ కూడా కాదు, వేడి మాటే లేదు.

లంగరు
నాబ్ చక్రం దగ్గర, స్టీరియో క్యాబిన్‌లో. మధ్యలో అంత పొడవు సన్నని సంకేతపు కేబుల్, అదీ ఇంజను గది పక్కనుంచి. ఆల్టర్నేటర్ (ఇంజనుతో తిరుగుతూ బ్యాటరీని నింపేది) ఈల అందులోకి ఎక్కుతుంది, ఇది మాత్రం నేను పందెం కట్టి చెప్పగలను. స్పీకర్ తీగకు ఆ బాధ లేదు.

డెసిబెల్
అందుకే యాంప్లిఫయర్‌ను కూడా చక్రం వైపే పెట్టాలి. కాక్‌పిట్ బల్ల కింద పొడి అల్మరా ఉంటే అక్కడ. స్టీరియో అవుట్‌పుట్ బలమైనది, 2 నుంచి 4 వోల్టులు, అది పొడవు కేబుల్‌ను బాగానే నడుపుతుంది. నాబ్ తర్వాతి కేబుల్ మాత్రం పొట్టిగా ఉండాలి. నాబ్ నడిమిలో ఉన్నప్పుడు దాని నుంచి బయటికి కనబడే నిరోధం రెండున్నర కిలో ఓమ్‌ల వరకు ఉంటుంది, దాని తర్వాత పొడవు తీగ వేస్తే పై స్వరాలు కొంత తగ్గుతాయి, రొదా ఎక్కుతుంది. నాబ్ నుంచి యాంప్లిఫయర్‌కు అర మీటర్ ఉంటే ఏ ఇబ్బందీ లేదు.

ఉప్పుగాలి
కొన్ని యాంప్లిఫయర్లకు తీగతో వచ్చే స్థాయి నాబ్ అమర్చుకునే సాకెట్ ఉంటుంది. అందులో పాట ప్రయాణించదు, నాబ్ ఒక డీసీ వోల్టేజిని మాత్రమే పంపుతుంది, తగ్గించే పని యాంప్లిఫయర్ లోపల జరుగుతుంది. అలాంటిదైతే పొడవు గురించిన తగాదాయే ఉండదు. కాకపోతే అది బేస్‌కు మాత్రమేనా, పూర్తి శబ్దానికా అనేది కొనేముందు పుస్తకంలో చదవండి. చాలా వాటిలో బేస్‌కే పని చేస్తుంది.

రాగితీగ
ఎప్పుడైనా కొత్త స్టీరియో కొనాల్సి వస్తే, ఫ్యూజన్ కంపెనీవాటిలా జోన్లవారీగా, అంటే లోపలికీ బయటికీ వేర్వేరుగా, శబ్దం విడదీసే సముద్రపు స్టీరియోలు ఉన్నాయి. చక్రం దగ్గర తీగ రిమోట్ పెట్టుకుంటే చాలు. ఇప్పుడు కొనమని కాదు, తెలుసుకుని ఉంటారని.

పొగమంచు
మీట గురించి: యాంప్లిఫయర్‌ను నిద్ర లేపే సన్నని తీగ ఉంటుంది, స్టీరియో వైపు నీలం మీద తెల్ల చారతో వస్తుంది. ఆ తీగను చక్రం దగ్గరి మీట గుండా తీసుకెళ్లండి. మీట వేస్తే బయట పాట, తీస్తే యాంప్లిఫయర్ మొత్తం నిద్రపోతుంది, లోపలి పాట అలాగే ఉంటుంది. పెద్ద కరెంటు మీట గుండా పోదు కాబట్టి చిన్న నీరు చొరని మీట సరిపోతుంది. ఎల్-ప్యాడ్‌తో ఇంత సులువుగా కుదరదు.

లంగరు
ఈ ఒక్క వాదనకు నేను తలవంచుతాను. బయట రెండే స్పీకర్లు, పాట కూడా మెల్లగా వినేవాళ్లకు ఎల్-ప్యాడ్ ఇప్పటికీ మంచిదే అంటాను. కానీ మీట కావాలంటే యాంప్లిఫయర్ దారే శుభ్రం.

తెరచాప31
సరే, యాంప్లిఫయరే. 50 వాట్లు చొప్పున రెండు చానళ్లది, క్లాస్-డి రకం (కరెంటు తక్కువ వృథా చేసేది) చూశాను. బ్యాటరీ నుంచి బల్ల కింది అల్మరాకు 5 మీటర్లు. ఎంత మందం తీగ వేయాలి?

టంకం
రెండు చానళ్లూ కలిపి 100 వాట్లు. సామర్థ్యం 85 శాతం అనుకుంటే 12 వోల్టుల దగ్గర దాదాపు 10 ఆంపియర్లు. పోను 5, రాను 5, మొత్తం 10 మీటర్ల రాగి. 2.5 చదరపు మిల్లీమీటర్ల తీగలో దాదాపు 0.7 వోల్టు పోతుంది, 6 శాతానికి దగ్గర. 6 చదరపు మిల్లీమీటర్లదైతే 0.3 వోల్టు లోపే, రెండున్నర శాతం. ఆరుదే వేయండి. బేస్ కొట్టినప్పుడల్లా వోల్టేజి కుంగితే పాట నలిగిపోతుంది.

చుక్కాని
ఫ్యూజు సంగతి. అమెరికా పడవల ప్రమాణం ఏబీవైసీ ఈ-11 ప్రకారం ఫ్యూజు బ్యాటరీకి 7 అంగుళాల లోపు ఉండాలి. తీగకు తొడుగు వేస్తే కొన్ని సడలింపులు ఉన్నాయి, కానీ ఆ దూరాన్నే లక్ష్యంగా పెట్టుకోండి. ఫ్యూజు కాపాడేది యాంప్లిఫయర్‌ను కాదు, తీగను. బ్యాటరీకీ ఫ్యూజుకూ మధ్య తీగ ఎక్కడైనా ఒరుసుకుని నెగెటివ్‌కు తగిలితే ఆపేవాడు ఉండడు. యాంప్లిఫయర్ తయారీదారు చెప్పిన ఫ్యూజే వేయండి, మీ లెక్కకు 15 ఆంపియర్లు ఉండవచ్చు.

తెరచాప31
అంతా బిగించాను. వారాంతంలో ఇంజను వేసి చూస్తే లంగరు గారి పందెం గెలిచింది. సన్నని ఈల. ఇంజను వేగం పెంచితే ఈల స్వరం పైకి, తగ్గిస్తే కిందికి. ఇంజను ఆపితే పూర్తి నిశ్శబ్దం. నాబ్ తగ్గిస్తే ఈల కూడా తగ్గుతోంది.

డెసిబెల్
ఆ ఆఖరి వాక్యమే జవాబు. నాబ్‌తో పాటు ఈల తగ్గుతోందంటే అది నాబ్‌కు ముందే సంకేతంలో చేరింది, యాంప్లిఫయర్ విద్యుత్తు తీగ నుంచి కాదు. నిర్ధారణకు ఇంకో పరీక్ష. అన్నీ ఆపేసి యాంప్లిఫయర్ ఆర్‌సీఏ ఇన్‌పుట్ విప్పండి, ఆ సాకెట్లో నడిమి పిన్ను, పై అంచు కలిపిన ఖాళీ ప్లగ్ పెట్టండి. ఇంజను వేయండి. ఈల పోతే కేబుల్ వైపు దోషం.

స్టీరియో నెగెటివ్ ఎక్కడికి వెళ్తోంది, యాంప్లిఫయర్ నెగెటివ్ ఎక్కడికి వెళ్తోంది?

తెరచాప31
ఖాళీ ప్లగ్ పెడితే ఈల పోయింది. యాంప్లిఫయర్ నెగెటివ్ బ్యాటరీ పక్కన ఉన్న నెగెటివ్ పట్టీకి వెళ్తోంది. స్టీరియోది పడవ కట్టిన నాటి వైరింగ్, తీగ వెంట పోయి చూస్తే ఇంజను బ్లాకు మీది ఒక బోల్టు దగ్గర తేలింది.

చుక్కాని
దొరికింది. ఇంజను బ్లాకు నుంచి బ్యాటరీకి వెళ్లే మందపు తీగలో ఆల్టర్నేటర్ కరెంటంతా పారుతుంది. దానివల్ల బ్లాకుకూ, మీ నెగెటివ్ పట్టీకీ మధ్య చిన్న వోల్టేజి తేడా, అదీ ఇంజను వేగంతో వణికే తేడా. స్టీరియో ఒక కొసన, యాంప్లిఫయర్ ఒక కొసన కూర్చుంటే ఆ తేడా ఆర్‌సీఏ కేబుల్ అల్లిక గుండా పారి పాటలో కలుస్తుంది. స్టీరియో నెగెటివ్‌ను కూడా అదే పట్టీకి తీసుకెళ్లండి. ఈలను వడపోసే పరికరాలు కొనకండి, ముందు ఇది.

తెరచాప31
మార్చాను. ఈల లేదు. ఇంజను ఎంత వేగంతో తిప్పినా లేదు. పాట మధ్య విరామాల్లో కూడా చెవి స్పీకర్ దగ్గర పెట్టి విన్నాను.

అలలమీద
ఇంకో పరీక్ష మిగిలింది. క్లాస్-డి యాంప్లిఫయర్లు లోపల చాలా వేగంగా మీటలా ఆన్, ఆఫ్ అవుతూ పని చేస్తాయి, కొన్ని రేడియో తరంగాల రొద వెదజల్లుతాయి. వీహెచ్‌ఎఫ్‌లో 16వ చానల్ పెట్టి, స్క్వెల్చ్‌ను (పిలుపు లేనప్పటి రొదను ఆపే నాబ్) రొద సరిగ్గా ఆగే చోట ఉంచి, యాంప్లిఫయర్ వేయండి. రేడియో బుసలు కొడితే యాంప్లిఫయర్ రేడియోకు అడ్డం వస్తున్నట్టే. బలమైన పిలుపు వినబడుతుంది, దూరపు బలహీనమైన పిలుపు వినబడదు. మీకు వినబడాల్సింది రెండోదే.

తెరచాప31
చేశాను. కొంచెం బుస ఉంది. యాంప్లిఫయర్ విద్యుత్తు తీగలకు, స్పీకర్ తీగలకు ఫెర్రైట్ బిగింపులు (రేడియో రొదను అణిచే ముక్కలు) పెట్టి, యాంటెన్నా కేబుల్ పక్కనుంచి పోతున్న స్పీకర్ తీగను అవతలి గోడకు మార్చాక స్క్వెల్చ్ కదలకుండా నిలబడింది. ఫెర్రైట్‌లోంచి ప్లస్, మైనస్ రెండూ కలిపి పోనివ్వాలని పుస్తకంలో ఉంది, అలాగే చేశాను.

కొత్తపడవ
చక్రం దగ్గర నాబ్ మీద నీళ్లు పడవా? దానికేం చేశారు?

తెరచాప31
నాబ్ కింది వైపుకు చూసేలా పలక అడుగున బిగించాను. ఇరుసు మీద రబ్బరు తొడుగు. మీట మాత్రం పైనే, అది ఐపీ67 రకం, అంటే మీటర్ లోతు నీళ్లలో అర గంట మునిగినా లోపలికి నీరు రాదు. తీగలు పెట్టెలోకి వెళ్లే ముందు కిందికి ఒక వంపు ఇచ్చాను, తీగ వెంట జారే నీరు ఆ వంపు దగ్గరే కారిపోతుంది.

కొత్తపడవ
ముందు డెక్ మీద ఇంకో జత స్పీకర్లు పెట్టాలంటే, మూడో నాబ్ కూడా ఇదే ఆర్‌సీఏ నుంచి తీసుకోవచ్చా?

డెసిబెల్
తీసుకోవచ్చు. సంకేతాన్ని రెండుగా చీల్చే వై కేబుల్ వేసి, రెండో నాబ్, రెండో యాంప్లిఫయర్. రెండు 10 కిలో ఓమ్‌ల నాబ్‌లు సమాంతరంగా వస్తే స్టీరియోకు 5 కిలో ఓమ్‌లు, యాంప్లిఫయర్ల ఇన్‌పుట్లు కలిస్తే ఇంకాస్త తక్కువ. స్టీరియో లైన్ అవుట్‌పుట్‌కు అది సమస్య కాదు. నాబ్‌లు నాలుగైదుకు మించితే మధ్యలో బఫర్ (సంకేతానికి బలం ఇచ్చే చిన్న సర్క్యూట్) పెట్టాలి. రెండో యాంప్లిఫయర్ నెగెటివ్ కూడా అదే పట్టీకి. నిద్ర లేపే తీగకు దాని మీట దానికి విడిగా పెట్టండి. ఆ నీలి తీగ మోయగల కరెంటు ఎంతో స్టీరియో పుస్తకంలో చూసుకోండి, రెండు యాంప్లిఫయర్లు దాటితే రిలే (చిన్న కరెంటుతో పెద్ద కరెంటును వేసే మీట) అవసరం కావచ్చు.